నీటికి ధర్మకర్త ఉంటే లెక్క కూడా ఉండాలి

చెరువు ఆక్రమణల మీద మాట వచ్చినప్పుడల్లా ఒక వాక్యం తప్పకుండా వినిపిస్తుంది: “చెరువుకు ప్రభుత్వం యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే.” కోర్టు తీర్పుల్లోంచి టీవీ చర్చల్లోకి, అక్కడి నుంచి వాట్సాప్‌లోకి దిగిన వాక్యం ఇది. మనవాళ్లకు ఇట్టే ఎక్కుతుంది కూడా. దేవుడి మాన్యానికి ధర్మకర్త ఉంటాడు. కౌలుకిచ్చి, వచ్చిన శిస్తుతో ధూపదీప నైవేద్యాలు జరిపిస్తాడు. అంతేగాని మాన్యాన్ని బావమరిదికి రాసివ్వడానికి వీల్లేదు. (రాసిచ్చేసిన ధర్మకర్తల కథలు మనకు తక్కువేం కాదు, అది వేరే సంగతి.)

ఈ పబ్లిక్ ట్రస్ట్ సిద్ధాంతం మన చట్టంలో భాగమని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తేల్చింది. ఎం.సి. మెహతా వర్సెస్ కమల్‌నాథ్ కేసు అది. బియాస్ నది ఒడ్డున అటవీ భూమిని లీజుకివ్వడం మీద నడిచింది. ఆ తీర్పు చదివితే, కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1983లో మోనో లేక్ మీద ఇచ్చిన తీర్పులోని భాగాలు యథాతథంగా కనిపిస్తాయి. నా పేచీ ఇక్కడే మొదలవుతుంది. మోనో లేక్ కేసు భూమి గురించి కాదు. ఎవరు ఏటా ఎంత నీరు మళ్లించుకోవచ్చు, ఒకసారి ఇచ్చిన ఆ అనుమతిని మళ్లీ తెరవచ్చా అన్నది అందులో ప్రశ్న. మనం ధర్మకర్త అన్న మాటను తెచ్చుకున్నాం, ధర్మకర్త రాయాల్సిన లెక్కల పుస్తకాన్ని అక్కడే వదిలేసి వచ్చాం.

అడుగునేల నుంచి పారే నీటికి

మొదట్లో ఈ సిద్ధాంతం కూడా నీటి అడుగున ఉన్న నేల సంగతే. ఇల్లినాయ్ శాసనసభ 1869లో షికాగో దగ్గర మిషిగన్ సరస్సు అడుగునేలను, వెయ్యి ఎకరాలకు పైగా, ఒక రైల్వే కంపెనీకి రాసిచ్చింది. నాలుగేళ్లకు నాలుక కరుచుకుని రద్దు చేసింది. వివాదాన్ని రాష్ట్రమే కోర్టుకెక్కించింది. పడవలు తిరిగే నీళ్ల కింది నేలను అలా గంపగుత్తగా వదులుకునే అధికారం శాసనసభకే లేదని 1892లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

అమెరికా పశ్చిమ రాష్ట్రాల నీటి చట్టం దీనితో సంబంధం లేకుండా వేరే దారిలో పెరిగింది. బంగారు గనుల కాలంలో పుట్టిన సూత్రం: ముందు తోడుకున్నవాడిది ముందు హక్కు. ప్రతి హక్కుకూ ఒక తేదీ, ఒక పరిమాణం, ఒక వాడుక ఉంటాయి. కరువు వస్తే చివరి తేదీ వాడి తూము ముందు మూస్తారు. వాడకుండా వదిలేస్తే హక్కే పోతుంది. మన కృష్ణా జలాల్లో 1960 సెప్టెంబరు నాటికి ఉన్న వాడుకలకు బచావత్ ట్రిబ్యునల్ రక్షణ ఇవ్వడంలోనూ ఇదే వాసన కొంత ఉంది. ఈ వరసలో సరస్సుకు చోటు లేదు. సరస్సు దరఖాస్తు పెట్టుకోలేదు కదా.

ఈ రెండు దారులూ మోనో లేక్ దగ్గర ఢీకొన్నాయి. అది సియెర్రా నెవాడా కొండలకు తూర్పున ఉన్న ఉప్పు సరస్సు. నీళ్లు వచ్చే దారులే గాని పోయే దారి లేదు, ఎండకు ఆవిరవడమే. అందులోకి దిగే ఐదు వాగుల్లో నాలుగింటి ప్రవాహాన్ని దాదాపు మొత్తంగా లాస్ ఏంజెలెస్ నగరానికి మళ్లించుకోమని రాష్ట్ర నీటి అధికారులు 1940లో అనుమతి ఇచ్చారు. ఆ ప్రాంతపు అందం దెబ్బతింటుందని వాళ్లకు తెలుసు, కాగితం మీద రాశారు కూడా. అయితే ఇంటి అవసరమే అన్నిటికన్నా పై వాడుక అని చట్టం చెబుతోంది, కాబట్టి చేయగలిగిందేమీ లేదని తేల్చేశారు. ఇది దుర్మార్గం కాదు. తమ చేతిలో ఉన్న చట్టంలో ‘కాదు’ అనడానికి ఒక గడి కనిపించని గుమాస్తాల పని. నాకు ఈ కేసు మొత్తంలో అన్నిటికన్నా బోధపడేది ఆ చిన్న ముక్కే.

1940 నుంచి 1970 దాకా ఏటా సగటున 57,067 ఎకరా-అడుగులు (ఎకరం నేలలో అడుగు ఎత్తున నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు), అంటే మన లెక్కలో రెండున్నర టీఎంసీలు పోయాయి. 1970లో రెండో గొట్టపు మార్గం పూర్తయ్యాక 99,580 ఎకరా-అడుగులు, 4.3 టీఎంసీలు. శ్రీశైలం చూసిన కళ్లకు ఇది చుక్కంత. మోనోకు మాత్రం ప్రాణమంత. 1941లో సముద్రమట్టానికి 6,417 అడుగుల ఎత్తున ఉన్న నీటిమట్టం 1982 నాటికి 6,372కు పడిపోయింది. నీటి పరిమాణం సగమైంది, ఉప్పదనం రెట్టింపయింది. 1979లో నెగిట్ ద్వీపం ఒడ్డుకు అతుక్కుని ద్వీపం కాకుండా పోయింది. కొయోటీలు (నక్కల్లాంటి జంతువులు) నడిచి వెళ్లి గల్ పక్షుల గూళ్ల మీద పడ్డాయి. బయటపడిన అడుగు నుంచి క్షారపు దుమ్ము లేచింది.

అదే ఏడాది వేసిన దావాలో 1983 తీర్పు చెప్పిన అసలు కొత్త సంగతి ఇది: వాగులో పడవ నడవకపోయినా సరే, ఆ వాగు నీరు ఆపడం వల్ల పడవ నడిచే సరస్సు చెడిపోతుంటే ధర్మకర్త బాధ్యత వాగు దాకా వెళ్తుంది. రెండోది, నీటి హక్కు ఒకసారి ఇస్తే శాశ్వతం కాదు, రాష్ట్రం దాన్ని ఎప్పుడైనా తిరిగి తూచవచ్చు. మూడోది చాలామంది చెప్పకుండా దాటేస్తారు. ప్రజావసరం కోసం సరస్సుకు నష్టం జరిగే అనుమతి కూడా రాష్ట్రం ఇవ్వవచ్చు. కాకపోతే నష్టాన్ని ముందే లెక్కగట్టి, సాధ్యమైనంత తగ్గించి ఇవ్వాలి. అంటే సరస్సు గెలవలేదు. సరస్సును తూకంలో పెట్టమని మాత్రమే కోర్టు చెప్పింది.

చేపలు ముందు గెలిచాయి

ఇక్కడ నాకు ఒక పెద్ద అనుమానం. తీర్పు 1983లో వచ్చింది, మళ్లింపుల మీద రాష్ట్ర నీటి బోర్డు కొత్త ఉత్తర్వు 1994లో వచ్చింది. ఈ పదకొండేళ్లలో వాగుల్లోకి నీళ్లు తెచ్చింది పబ్లిక్ ట్రస్ట్ కాదు, చేపల చట్టం.

1980ల మొదట్లో మంచు విపరీతంగా పడ్డ ఏడాది గ్రాంట్ లేక్ రిజర్వాయరు అలుగు పారింది. మళ్లించిన నాలుగు వాగుల్లో ఒకటైన, నలభై ఏళ్లుగా దాదాపు ఎండి ఉన్న రష్ క్రీక్‌లోకి నీళ్లతోపాటు ట్రౌట్ చేపలూ కొట్టుకొచ్చాయి, అక్కడే కాపురం పెట్టాయి. నగరం మళ్లీ తూము మూయబోతే గాలం వేసేవాళ్లు 1984లో కోర్టుకు వెళ్లి ఆపించారు. ఆనకట్ట కింద చేపలు బతికేంత నీరు వదలాలని కాలిఫోర్నియాలో ఒక సెక్షన్ ఉంది. 1953 సెప్టెంబరు తర్వాత ఆ ప్రాంతంలో ఇచ్చే ప్రతి అనుమతిలోనూ, లైసెన్సులోనూ ఆ షరతు రాయాలని మరో సెక్షన్ ఉంది. నగరానికి ఖరారు లైసెన్సులు వచ్చింది 1974లో. షరతు రాయలేదు. రాయాల్సిందేనని అప్పీలు కోర్టు 1989లో, వెంటనే రాయాలని 1990లో చెప్పింది. ఈలోగా 1989లోనే సరస్సును 6,377 అడుగుల కింద పడనివ్వొద్దని కింది కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది.

దీన్నిబట్టి పబ్లిక్ ట్రస్ట్ ఉత్త అలంకారమని వాదించేవాళ్లున్నారు. నేను అంత దూరం పోను. చేపల సెక్షన్‌తో వాగు బతుకుతుంది, అంతవరకే. సరస్సు ఏ మట్టంలో ఉండాలన్న ప్రశ్న ఆ సెక్షన్‌లో లేదు. దుమ్ము, పక్షులు, ఉప్పదనం, నగరపు కుళాయి, అన్నిటినీ ఒకే తక్కెడలో వేసే అధికారం ధర్మకర్తృత్వం నుంచే వచ్చింది. కానీ ఒట్టి ధర్మకర్తృత్వాన్నే నమ్ముకుని ఉంటే, బోర్డు లెక్కలు తేల్చేలోపు తేల్చడానికి ఏమీ మిగలకపోయేది. విశాలమైన సూత్రం పనిచేయాలంటే దాని పక్కన ఇరుకైన, కచ్చితమైన సెక్షన్ ఒకటి ఉండాలి.

అడుగుల్లో రాసిన బాధ్యత

1994 సెప్టెంబరు 28న వచ్చిన డెసిషన్ 1631 నా దృష్టిలో ఈ కథలో అసలు పత్రం. 1983 తీర్పును తెగ ఉటంకిస్తారు, దీన్ని చదివేవాళ్లు తక్కువ. సరస్సు 6,392 అడుగుల దగ్గర ఉండాలని అది తేల్చింది. గల్ పక్షుల ద్వీపాలకు భూమార్గం రాకుండా ఉండటానికి, దుమ్ము లేచే అడుగు మునిగి ఉండటానికి, ఉప్పు రొయ్యలు తట్టుకునేంత ఉప్పదనం ఉండటానికి ఏ మట్టం కావాలో విడివిడిగా చూసి తేల్చిన అంకె అది. 1941 నాటి 6,417కు తిరిగి పొమ్మనలేదు. అది రాజీ, దాచుకోలేదు కూడా.

తర్వాత ఒక మెట్ల పద్ధతి పెట్టింది. ఏటా ఏప్రిల్ 1న మట్టం చూస్తారు. 6,377 కన్నా తక్కువైతే నగరానికి చుక్క లేదు. 6,377 నుంచి 6,380 మధ్య ఉంటే 4,500 ఎకరా-అడుగులు. 6,380 దాటి 6,391 లోపు ఉంటే 16,000. ఆపైన వాగులకు కావలసింది పోగా మిగిలింది. వాగుల్లో వదలాల్సిన నీటికి కరువు ఏడాదికి ఒక అంకె, మామూలు ఏడాదికి ఒకటి, తడి ఏడాదికి ఒకటి ఉన్నాయి. పైగా మంచు కరిగే రోజుల్లో కొన్నాళ్లు పెద్ద పోటు వదలాలి. ఎప్పుడూ ఒకే సన్నధార వదిలితే వాగు అడుగున ఒండ్రు పేరుకుని చేపలు గుడ్లు పెట్టే కంకర మూసుకుపోతుంది, ఒడ్డు చెట్ల గింజలు మొలవవు. ఇంత చిన్న విషయం కూడా ఉత్తర్వులో ఉండటమే దాని బలం. ఎవరి దయాదాక్షిణ్యాలతోనూ పనిలేదు. స్కేలు చూసి ఎవరైనా చెప్పగలరు, ధర్మకర్త పని చేశాడా లేదా అని.

నగరం ఎలా సర్దుకుంది? ప్రత్యామ్నాయ నీటి కోసం 1989లో రాష్ట్రం 6 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. అంతకన్నా ఎక్కువ పనిచేసింది మరుగుదొడ్డి. ఒక్కో ఫ్లష్‌కు 13 నుంచి 26 లీటర్లు మింగే పాత తొట్లు తీసి 6 లీటర్లవి పెట్టించారు. స్థానిక సంఘాల ద్వారా వాటిని ఇంటింటికీ పంచారు. జనాభా పెరిగినా నగరం వాడే నీరు పెరగలేదు. సరస్సును కాపాడాలంటే వాడేవాడి ఇంట్లో ఏం మారాలో కూడా అదే ప్రణాళికలో ఉండాలి, లేకపోతే తీర్పు అమలుకు మొదటి కరువులోనే గండి పడుతుంది.

ఇంత పకడ్బందీగా రాసినదీ తప్పింది. సుమారు ఇరవై ఏళ్లలో 6,392 చేరుతుందని అంచనా. 2014 వచ్చింది, చేరలేదు. 2023లో మంచు కుంభవృష్టిలా పడి ఒక్క ఏడాదిలో ఐదడుగుల దాకా లేచింది, అయినా చేరలేదు. ఒక కారణం: గడిచిన దశాబ్దాల వాగుల లెక్క మీద కట్టిన అంచనా అది, రాబోయే ఎండలు అందులో లేవు. ఇంకో కారణం మెట్టులోనే ఉంది. మట్టం 6,380ని అంగుళం దాటితే చాలు, మళ్లింపు 4,500 నుంచి ఒక్కసారిగా మూడున్నర రెట్లకు ఎగురుతుంది. సరస్సు విస్తీర్ణం సుమారు 45,000 ఎకరాలు. కాబట్టి 16,000 ఎకరా-అడుగులంటే ఏటా నాలుగంగుళాల మట్టం, 4,500 అంటే అంగుళం పైచిలుకు. తేడా మూడంగుళాలు. ఏడాదికి మూడంగుళాలు ఎవరి కంటికీ ఆనవు, పదేళ్లకు స్థూలంగా రెండున్నర అడుగులవుతాయి. తడి ఏడాది తెచ్చిన లాభాన్ని ఆ తర్వాతి మామూలు ఏళ్లు ఇలా తినేస్తాయి. మెట్టు బదులు ఏటవాలు పెట్టి ఉంటే, అంటే అడుగుకింత చొప్పున పెరిగేలా రాసి ఉంటే, ఈ చిక్కు చాలావరకు తప్పేది.

గడువులోగా చేరకపోతే మళ్లీ విచారణ జరపాలని ఉత్తర్వులోనే ఉంది. ఆ గడువూ వాయిదా పడింది. ‘ఎప్పుడైనా తిరిగి తూచవచ్చు’ అన్న సూత్రానికి ఇదే బలహీనత. ఎప్పుడైనా అంటే ఎప్పుడూ కాకపోవచ్చు.

రైతు అడిగే ప్రశ్న

ఎదుటి వాదన తేలికైనది కాదు. నీటి హక్కు చూసే బ్యాంకు అప్పిస్తుంది, ఆ హక్కు చూసే రైతు తోట వేస్తాడు. ఎనభై ఏళ్ల తర్వాత వచ్చి “అది షరతులతో ఇచ్చింది” అంటే ఎవడు చెట్టు నాటుతాడు? ఐడహో శాసనసభ 1996లో చట్టం చేసి, నీటి కేటాయింపులకు ఈ సిద్ధాంతం వర్తించదని గీత గీసేసింది. కొలరాడో కోర్టులు దీన్ని గడపే తొక్కనివ్వలేదు. అక్కడి రాజ్యాంగంలో నీరు ప్రజలదే అని రాసి ఉంది, మళ్లించుకునే హక్కు కాదనరాదనీ అక్కడే రాసి ఉంది. రెండో వాక్యమే ఎప్పుడూ గెలుస్తుంది.

ఈ విషయంలో మోనో కన్నా వాకర్ లేక్ ఎక్కువ ఆలోచింపజేస్తుంది. నెవాడాలో అదీ బయటికి దారిలేని సరస్సే. పైనున్న పొలాల కాలువల వల్ల పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఇప్పటికి దాని నీరు తొంభై శాతం పోయింది, ట్రౌట్ చేపలు మిగల్లేదు. నదిలో ఎవరి వాటా ఎంతో 1936 నాటి డిక్రీ తేల్చేసింది. 2020లో నెవాడా సుప్రీంకోర్టు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంది. ధర్మకర్తృత్వం పాత హక్కులకూ వర్తిస్తుంది, కానీ తేలిపోయిన వాటాలను దాని పేరుతో తిరిగి పంచడం కుదరదు. ఇదేం ధర్మకర్తృత్వమని కోపం వస్తుంది. అయితే అక్కడ మరో దారి నడుస్తోంది. అమ్మడానికి ఇష్టపడే రైతుల నుంచి నీటి హక్కులు కొని ఆ నీటిని నదిలో వదులుతున్నారు. ఖర్చు ఎక్కువ, నడక నెమ్మది. కానీ రైతు శత్రువు కాలేదు. లాస్ ఏంజెలెస్ ఒక్క నగరం, ఒక్క సంస్థ. మరుగుదొడ్లు మార్చుకుంటే సరిపోయింది. వాకర్ నది మీద ఉన్నది బోలెడుమంది రైతులు, వాళ్లకు మార్చుకోవడానికి పొలం తప్ప ఏముంది? రెండు చోట్లా ఒకే మందు వేయాలనడం నాకూ మింగుడుపడదు.

హవాయి మాత్రం రుజువు చేసే బరువును అటు తిప్పింది. వయాహోలే కాలువ కేసులో 2000లో అక్కడి సుప్రీంకోర్టు, నీరు కావాలన్నవాడే తన వాడుక వల్ల వాగుకు హాని లేదని చూపాలంది. భూగర్భ జలమైనా అంతే. కాలిఫోర్నియా అప్పీలు కోర్టు ఆ భూగర్భం దాకా రావడానికి 2018 పట్టింది. వేసవి చివర బోర్లు తోడేస్తే స్కాట్ నది ఎండిపోతోందన్న కేసులో, బోరు వల్ల నది దెబ్బతింటే ధర్మకర్త బాధ్యత బోరు దాకా వెళ్తుందని చెప్పింది. కేరళలో ఒక న్యాయమూర్తి అంతకు పదిహేనేళ్ల ముందే, 2003లో, కోకాకోలా బోర్ల మీద నడిచిన ప్లాచిమడ కేసులో ఇదే మాట అన్నారు. 2005లో డివిజన్ బెంచి దాన్ని కొట్టేసింది.

పేరూరు చెరువులోకి ఏ వంక వస్తుంది?

ఇప్పుడు తిరుపతికి. అవిలాల, పేరూరు చెరువుల గర్భాన్ని ఇళ్ల కోసం ప్రభుత్వం ఇచ్చేసింది. ఒకటి హౌసింగ్ బోర్డుకు, ఒకటి టీటీడీకి. ఇంటెలెక్చువల్స్ ఫోరం కేసులో సుప్రీంకోర్టు 2006 ఫిబ్రవరిలో ధర్మకర్తృత్వాన్ని గట్టిగానే చెప్పింది. కానీ అప్పటికే ఇళ్లు లేచాయి, కూల్చమనలేదు. ఇకపై కట్టొద్దని చెప్పి కొన్ని పనులు అప్పగించింది. ఆ పనుల జాబితా ఉటంకింపుల్లో ఎప్పుడూ కనపడదు, చదవాల్సింది మాత్రం అదే. పేరూరు చెరువుకు నీరు తెచ్చే బొడెద్దుల వంకను బాగుచేయాలి. మాలపల్లి దగ్గర నీటిని ఆపుతున్న చిన్న చెక్‌డ్యామ్ తీసేయాలి. ఊటచెరువుకు కనీసం 50 ఎకరాలు ఉండాలి, 20 మీటర్ల లోతు దాకా నీరింకే బావులు దింపాలి. స్వర్ణముఖి నుంచి వచ్చే పాత కాలువను బతికించడానికి ఎంతవుతుందో అంచనా వేయాలి. ప్రతి ఇంటి కప్పు నీరూ ఇంకాలి. ఆ ప్రాంతంలో బోరు వేయకూడదు.

చూడండి, కోర్టు చెరువు హద్దు దగ్గర ఆగలేదు, వంక దాకా నడిచింది. సరిగ్గా మోనో లేక్ దారే. లేనిదల్లా ఏప్రిల్ 1 లాంటి తేదీ, 6,392 లాంటి అంకె, అంకె తప్పితే ఎవరి తూము మూయాలన్న వరస. వంక బాగుచేశాక చెరువులో ఎన్నడుగుల నీరు నిలవాలో, బోర్లలో మట్టం ఎంత లేవాలో రాసి ఉంటే, పని జరిగిందో లేదో చెప్పడానికి పేరూరులో ఒక కొలకర్ర సరిపోయేది.

హైదరాబాదులో ఇప్పుడు గొడవంతా ఎఫ్‌టీఎల్ గీత మీదే. శిఖం (చెరువు గర్భం) భూమి ఎంత, బఫర్ ఎన్ని మీటర్లు, ఎవరి గోడ లోపలికి వచ్చింది. ఆ గీత అవసరమే, కాదనను. కానీ ఎఫ్‌టీఎల్ అంటే నిండితే నీరు ఎక్కడిదాకా వస్తుందన్న హద్దు. నిండుతుందా లేదా అన్నది పై చెరువు అలుగు నుంచి కిందికి వచ్చే కాలువ చెబుతుంది. కాలువ మీద కాలనీ లేస్తే, గీత లోపల ఒక్క గోడ లేకపోయినా చెరువు ఖాళీయే. లేదా మురుగుతో నిండుతుంది, అప్పుడు మట్టం కరెక్టుగానే కనిపిస్తుంది. అందుకే అంకె ఒక్కటీ చాలదు, మోనోలో ఉప్పదనం చూసినట్టు ఇక్కడ ఏ నీరు వస్తోందో కూడా చూడాలి. ప్రతి చెరువుకూ ఒక పేజీ చాలు: తూము గడప మట్టం ఎంత, అలుగు మట్టం ఎంత, వచ్చే కాలువలు ఎన్ని, ఒక్కోదాని వెడల్పు ఎంత, వానాకాలం ముగిసేసరికి నీరు ఎక్కడ ఉండాలి, లేకపోతే ముందు ఏ కాలువ వెతకాలి, ఆ పేజీ మళ్లీ ఏ తేదీన తెరవాలి.